ఇరుసులో పాఠాంతరాలు

1942లో తయారైన విల్లీస్ జీపొకటి మీ ముందుందనుకోండి. ముందు చక్రం వెనకాల, ఇరుసు చివర, గుండ్రటి ఇనప బుర్ర ఒకటి కనిపిస్తుంది. ఇంజన్ బలం చక్రానికి చేరాలంటే ఆ బుర్ర లోపలున్న కీలు గుండానే పోవాలి. మరి అది ఏ రకం కీలు? బండి పేరు చూసో, తయారైన ఏడాది చూసో చెప్పడం కుదరదు. ర్జెప్పా, బెండిక్స్-వైస్, ట్రాక్టా, స్పైసర్. ఈ నాలుగింటిలో ఏదైనా ఉండొచ్చు. నాలుగూ వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల చేసిన ఆలోచనలు. నాలుగూ ఆ ఒక్క మోడల్‌కే ఫ్యాక్టరీలో బిగించినవి.

పాత బండ్లను బాగుచేసి నిలబెట్టే సరదా ఉన్నవాళ్ల మధ్య అన్నిటికంటే పెద్ద మాట 'ఒరిజినల్'. యుద్ధకాలంలో ఫోర్డ్ కంపెనీ తాను తయారుచేసిన జీపుల భాగాల మీద, ఆఖరికి బోల్టు తలల మీద కూడా, 'ఎఫ్' అన్న అక్షరం కొట్టించింది. ఆ అక్షరం ఉన్న బోల్టుల కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు. వాళ్ల ఓపికంటే నాకు గౌరవమే. కానీ బోల్టు తల దగ్గరే అంత పట్టింపు ఉన్నప్పుడు, బండిని లాక్కెళ్లే కీలే నాలుగు రకాలుగా ఉండడాన్ని ఏమనాలి? ఇందులో ఏది ఒరిజినల్?

సాహిత్యం చదివేవాళ్లకి ఈ చిక్కు బాగా తెలిసిందే. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని పెట్టుకుని వేమన పద్యాల ప్రతుల్ని పోల్పించినప్పుడు ఎదురైంది ఇదే. ఏది కవి అన్నది, ఏది లేఖకుడు మార్చింది, ఏది ఎవరో మధ్యలో కలిపిన ప్రక్షిప్తం? ఏడాదిన్నరగా నా శనాదివారాలన్నీ ఒక పాత జీపు ఇరుసుల్ని, గేర్‌బాక్సు నుంచి చక్రం దాకా ఉన్న సరంజామానంతా విప్పి తిరిగి కూర్చడంలోనే గడిచాయి. ఆ పనిని పాఠపరిష్కరణ అనడానికి నాకిప్పుడు ఏ మొహమాటమూ లేదు. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆదిపాఠమే ఒకటి కాదు.

*

ముందు ఆ కీలు సంగతి చూద్దాం. వెనక చక్రాలకు బలం పంపడం తేలిక, అవి ఎప్పుడూ తిన్నగానే ఉంటాయి. ముందు చక్రాలు అలా కాదు. అవి తిరగాలి, తిరుగుతూనే పక్కకి మళ్లాలి. అంటే బలం మోసే షాఫ్టు మధ్యలో వంగాలి, వంగి కూడా తిరుగుతూ ఉండాలి.

దీనికి పాత జవాబొకటి ఉంది. మన మెకానిక్కులు దాన్ని 'క్రాస్' అంటారు. కూడిక గుర్తు ఆకారంలో ఉండే చిన్న ఉక్కు ముక్క, దానికి చెరో పక్కా ఒక్కో షాఫ్టు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద ఇది ప్రపంచమంతా చలామణిలో ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దీన్ని వాడుతూ దీని దోషం కూడా కనిపెట్టాడు. షాఫ్టు వంగినప్పుడు, ఇవతలి వైపు ఎంత నిలకడగా తిప్పినా అవతలి వైపు నిలకడగా తిరగదు. లెక్క వేసి చూడండి. కోణం 25 డిగ్రీలుంటే అవతలి వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు సుమారు 9 శాతం తగ్గుతుంది, రెండుసార్లు సుమారు 10 శాతం పెరుగుతుంది. చక్రం నడవడం మానేసి కుంటుతుందన్నమాట. ఆ కుంటు స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

బండి కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్టుకి ఈ బాధ లేదు. దాని రెండు చివర్లా రెండు క్రాసులు సరిగ్గా కూర్చి పెడితే ఒకదాని దోషాన్ని రెండోది కొట్టేస్తుంది. ముందు చక్రం దగ్గర రెండో క్రాసుకి చోటు లేదు. ఈ సమస్యకి 1920లలో దాదాపు ఒకేసారి మూడు పరిష్కారాలు వచ్చాయి. అమెరికాలో కార్ల్ వైస్, ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా ఉక్కు బంతులతో కీళ్లు చేశారు. రెండు షాఫ్టుల మధ్య కోణం ఎంతున్నా, బంతులు మాత్రం ఆ కోణాన్ని సరిసగం చేసే చోటే ఉండాలన్నది వాళ్ల సూత్రం. ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ అనే ఇద్దరు అసలు బంతులే లేకుండా, ఒకదానిలో ఒకటి జారే ముక్కలతో ట్రాక్టా కీలు చేశారు.

తర్వాత యుద్ధం వచ్చింది. విల్లీస్, ఫోర్డ్ కలిసి 1941-45 మధ్య చేసిన జీపులు సుమారు 6 లక్షల 40 వేలు. బండికి రెండు కీళ్లు. ఇవి కాక నాలుగు చక్రాలూ, ఆరు చక్రాలూ లాగే లారీలకు కావలసినవి వేరే. బంతులు పరిగెత్తే గాడి వంపుగా ఉంటుంది. దాన్ని గట్టి ఉక్కులో అంత నాణ్యంగా కోయగల యంత్రాలు ఎన్నో లేవు. అందుకే జీపు ముందు ఇరుసుని ఏ కీలైనా పట్టేలా కూర్చి, ఏది దొరికితే దాన్ని బిగించి పంపారు. కుంటుతుందని తెలిసిన క్రాస్ కీలుని కూడా కాదనలేదు. నాలుగు పాఠాలూ ప్రామాణికాలే, ఎందుకంటే నాలుగింటికీ ముద్ర వేసింది ఒకే సైన్యం.

*

ఇంకొంచెం వెనక్కి వెళితే ఇరుసు కథ మరీ తమాషాగా ఉంటుంది. 1940 వేసవిలో అమెరికా సైన్యం ఒక చిన్న నిఘా బండి కావాలని 135 కంపెనీలకు రాసింది. నమూనా చేసివ్వడానికి గడువు 49 రోజులు. ఆ గడువులో బండిని ఇవ్వగలిగింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. గీతలు గీసింది కార్ల్ ప్రోబ్‌స్ట్. సెప్టెంబర్ 23న బండి సైన్యం చేతికి చేరింది. అంత తక్కువ రోజుల్లో ఇరుసుని కొత్తగా గీసి, పోతపోసి, గేర్లు కోయడం ఎవరివల్లా కాదు. అందుకని స్పైసర్ కంపెనీ దగ్గరికి వెళ్లారు. వాళ్లు అప్పటికే స్టూడీబేకర్ ఛాంపియన్ అనే కారుకి చేస్తున్న ఇరుసునే మార్చి ఇచ్చారు. సైన్యపు బండిగా ప్రపంచం గుర్తుపెట్టుకున్న జీపు, ఒక కుటుంబం కారు ఇరుసు మీద పుట్టింది. ఇరుసు వయసు జీపు వయసుకంటే ఎక్కువ.

ఆ స్పైసర్ ఎవరంటే, కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న క్లారెన్స్ స్పైసర్. మొదటి తరం కార్లలో చాలావాటికి సైకిల్‌కి ఉన్నట్టు గొలుసు ఉండేది. దుమ్ము పడి అరిగేది, గోల చేసేది. గొలుసు స్థానంలో క్రాసులున్న షాఫ్టు పెట్టాలని 1904లో న్యూజెర్సీలో పని మొదలుపెట్టాడు. 1914లో డబ్బుతో ఆదుకోవడానికి వచ్చిన చార్లెస్ డానా పేరే చివరికి, 1946లో, కంపెనీ పేరయింది. అందుకే జీపు ఇరుసుల్ని ఇవాళ్టికీ కొందరు స్పైసర్ అంటారు, కొందరు డానా అంటారు. జీపు మీద రాసున్న పేరు ఏదైనా, దాన్ని కదిలించే సరుకు మీద వేరేవాళ్ల పేరుంటుంది.

జీపు కింద వంగి చూస్తే ఇంకొకటి గమనిస్తారు. రెండు ఇరుసుల మీదా ఉండే ఇనప ఉబ్బు మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. గేర్‌బాక్సు వెనక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు బలాన్ని పక్కకి దింపి ముందుకీ వెనక్కీ పంచుతుంది. షాఫ్టు ఇంజన్ కింది నుంచి కాకుండా పక్క నుంచి పోతుంది కాబట్టే బండి అంత ఎత్తు లేకుండా కుదిరింది. నాకు ఈ మొత్తం బండిలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

*

ఇక మన దేశానికి వద్దాం. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలైన కంపెనీ, భాగస్వామి గులాం మహమ్మద్ దేశవిభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లిపోయాక, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్కో భాగాన్నే ఇక్కడ చేసుకుంటూ వచ్చారు. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బి, అదే ఎత్తు బానెట్ జీపు, అక్కడ 1968లో ఆగిపోయింది. మన దగ్గర దాని వంశం ఆ తర్వాత కూడా దశాబ్దాలు నడిచింది. పోలీసుల జీపు, తహసీల్దారు గారి జీపు, ఎన్నికల జీపు, మైకు కట్టిన సినిమా ప్రచారం జీపు అన్నీ ఆ వంశమే.

ఇక్కడే లేఖకులు రంగంలోకి దిగారు. పెట్రోలు తాగే ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టారు. కొంత కంపెనీయే చేసింది, 1980లలో పూజో డీజిల్ ఇంజన్‌తో జీపులు వచ్చాయి. కొంత ఊరూరా షెడ్లలో జరిగింది. ఒక్కో మార్పూ కింద ఉన్న ఇరుసు మీద భారం మార్చింది. డీజిల్ ఇంజన్ తక్కువ చుట్లలోనే గట్టిగా లాగుతుంది, కానీ పెట్రోలు ఇంజన్‌లా ఎక్కువ చుట్లు తిరగదు. పాత ఇరుసు పళ్ల లెక్క పెట్రోలు ఇంజన్‌కి కుదిరింది. కొత్త ఇంజన్‌తో అదే ఇరుసు ఉంటే బండి లాగుతుంది గానీ పరిగెత్తదు.

నాకు దొరికిన జీపు ఆర్.సి.లో 1965 అని ఉంది. ఎత్తు బానెట్టే, లోపల మాత్రం డీజిల్ ఇంజన్. చాలా ఏళ్లు జంగారెడ్డిగూడెం వైపు షేర్ జీపుగా తిరిగిందని అమ్మినాయన చెప్పాడు. నేనుండేది హైదరాబాదులో, పని జరిగింది విజయవాడ ఆటోనగర్‌లో. అక్కడి మేస్త్రి పన్నెండేళ్లప్పుడు షెడ్డులో చేరి, ఇప్పుడు అరవై దాటిన మనిషి. ఆయన విప్పుతుంటే నేను పక్కన నిలబడి రాసుకునేవాణ్ణి.

మొదటి వింత, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు లేదు. నాలుగు చక్రాల బండిని ఎవరో ఎప్పుడో రెండు చక్రాల బండి చేశారు. కారణం రెండు ఇరుసులూ తెరిచి పళ్లు లెక్కపెట్టాక తెలిసింది. ముందు ఇరుసులో పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 43. అంటే పినియన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. సీజే-3బికి కంపెనీ ఇచ్చిన లెక్క అదే. వెనక ఇరుసులో 8కి 39, అంటే 4.88. యుద్ధకాలపు జీపు లెక్క ఇది.

జీపులో రెండు ఇరుసుల మధ్య తేడాని సర్దుకునే ఏర్పాటేమీ లేదు. నాలుగు చక్రాల గేరు వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఈ బండిలో ముందు చక్రం 8 చుట్లు తిరిగేలోపు వెనక చక్రం దాదాపు 8.8 తిరగాలి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తారు రోడ్డు మీద ఏదో ఒకటి విరుగుతుంది. కథ తేలిపోయింది. షేర్ జీపుకి కావలసింది రోడ్డు మీద వేగం, తక్కువ డీజిల్. ఆ మేస్త్రి ఎవరో వెనక క్రౌన్ పినియన్ మార్చి అది సాధించాడు. ముందుది కూడా మార్చే డబ్బు యజమాని దగ్గర లేదో, అవసరమే లేదనుకున్నారో. షాఫ్టు ఊడదీసి పక్కన పడేశారు. ఆ ఖాళీయే ఒక వాక్యంలా చదువుకోవచ్చు.

రెండో వింత ముందు ఇరుసు చివర్లలో. ఎడమ పక్క ఆరు బంతుల ర్జెప్పా కీలు, కుడి పక్క మామూలు క్రాస్. షాఫ్టు లేకుండా తిరిగినన్నాళ్లూ దీనితో ఎవరికీ ఇబ్బంది లేదు. నాలుగు చక్రాలూ లాగుతూ కుడికి మళ్లిస్తే మాత్రం, లోపలి చక్రం ఎక్కువ వంగుతుంది కాబట్టి, ఆ క్రాస్ కుంటు అంతా స్టీరింగ్‌కి వస్తుంది. మూడోది, వెనక ఇరుసు గొట్టం కింద వెల్డింగ్ చేసిన బద్దీ. బరువుకి వంగకుండా ఎవరో అతికించింది. నాలుగోది చాలా చిన్నది. పినియన్ వెనక దూరం సరిచెయ్యడానికి పలచటి ఉక్కు రేకులు, షిమ్ములు, పెడతారు. మాకు దొరికిన వాటిలో ఒకటి ఏదో డబ్బా రేకు కత్తిరించి చేసింది. దాని మీద ఎర్రటి అక్షరాల ఆనవాలు ఇంకా ఉంది. తాళపత్రం అంచు మీద లేఖకుడు గీసిన గుర్తు చూసినట్టనిపించింది నాకు.

*

ఇప్పుడు పరిష్కర్త తేల్చుకోవలసిన సమయం. రెండు ఇరుసులకూ ఒకే లెక్క ఉండాలి. 43ఆ, 39ఆ?

పాత బండ్ల పిచ్చి ఉన్న స్నేహితుడొకడు 43 అన్నాడు, ఇంకో మాట అననివ్వలేదు. కేటలాగులో ఉన్నది అదే, బద్దీ కోసేసి వేరే పాత గొట్టం వెతుకు, కీళ్లు రెండూ ర్జెప్పావే పెట్టు అన్నాడు. "లేకపోతే నువ్వు చేసేది రిపేరు, రిస్టొరేషన్ కాదు" అని తేల్చేశాడు. మేస్త్రి ఆలోచన వేరు. "డీజిలుకి ముప్పైతొమ్మిదే సుఖం సార్. వెనక వేసినోడు తెలిసే వేశాడు."

ముందు ఇరుసుకి కూడా 39 పళ్ల జతే కొన్నాం. అదే వేగానికి ఇంజన్ ఇప్పుడు సుమారు 9 శాతం తక్కువ చుట్లు తిరుగుతుంది. పేరు తెలియని ఆ పాత మేస్త్రి సగంలో ఆపిన పనిని పూర్తి చేశామని నేననుకుంటాను. 1965 లెక్కకి వెనక్కి వెళ్లాలంటే ఆయన చేసిన మంచి పనిని తుడిచెయ్యాలి. అది నాకు న్యాయంగా తోచలేదు.

జత అన్నాను. క్రౌన్ ఒకచోట, పినియన్ ఒకచోట కొనకూడదు. "పెళ్లికూతురు ఒకింటిది, పెళ్లికొడుకు ఒకింటివాడూ అవ్వాలి సార్. క్రౌనూ పినియనూ మాత్రం ఒకే ఇంటివి అవ్వాలి," అన్నాడు మేస్త్రి. దీని వెనక అందమైన గణితం ఉంది. 8కీ 39కీ ఉమ్మడి భాజకం లేదు, 8కీ 43కీ కూడా లేదు. అందుకని పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్ మీది ప్రతి పన్నునీ ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. 39 పళ్ల జతలో పినియన్ 39 చుట్లు తిరిగేదాకా అవే రెండు పళ్లు మళ్లీ ఎదురుపడవు. అరుగుదల అందరికీ సమానంగా పంచబడి, రెండూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఆ అలవాటు ఇంకో క్రౌన్‌తో కుదరదు.

కూర్చడానికి మూడు వారాలు పట్టింది. పళ్లకి నీలం రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూడాలి. పంటి చివరకి పడితే షిమ్ము మార్చాలి, మళ్లీ విప్పాలి, మళ్లీ బిగించాలి. ఈ ఇరుసుల్లో పినియన్ క్రౌన్ మధ్యగీతకి దిగువన ఉంటుంది. 1920లలో గ్లీసన్ కంపెనీ రూపుదిద్దిన హైపాయిడ్ పద్ధతి ఇది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారతాయి కూడా. అందుకే అచ్చు వెంట్రుకవాసి తప్పినా బండి రోడ్డెక్కగానే ఏడుపు మొదలవుతుంది. మేస్త్రి వేళ్లతో పినియన్ తిప్పి, ఎంత బిగువుందో చెప్పేవాడు. నేను తెచ్చిన కొలత పరికరం ఆయన మాటని రూఢి చెయ్యడానికే పనికొచ్చింది.

బద్దీ ఉంచేశాం. గొట్టాన్ని లేతు మీదకెక్కించి వంకర లేదని చూశాకే ఉంచాం. ర్జెప్పా కీలు గాడుల్లో గుంటలు పడ్డాయి. దాన్ని తీసి రెండు పక్కలా క్రాసులే పెట్టాం, అవి ఏ కొట్లోనైనా దొరుకుతాయి. అడవిదారిలో నెమ్మదిగా పోయే బండికి ఆ కుంటు భరించదగ్గదే. 1942లో సైన్యం వేసుకున్న లెక్కా ఇలాంటిదే: దొరికేదానితో బండి నడవాలి. బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ కొత్తవి. తీసేసిన ర్జెప్పా కీలుకి నూనె గుడ్డ చుట్టి, డబ్బా రేకు షిమ్ముని కవర్లో పెట్టి, దేన్ని ఎప్పుడు ఎందుకు మార్చామో ఒక నోటుబుక్కులో రాసిపెట్టాను. మా సాఫ్ట్‌వేర్ పనిలో కోడు మార్చిన ప్రతిసారీ కారణం రాయకపోతే ఊరుకోరు. పాఠాంతరాలన్నీ అడుగున చూపించిన ప్రతినే మనం మంచి ప్రతి అంటాం. పాత బండికి మాత్రం మరకలన్నీ కడిగేసిన ప్రతే కావాలనడం ఏం న్యాయం?

*

నా భయం జీపు గురించి కాదు. అవి చాలా ఉన్నాయి, బతుకుతాయి. కొత్త బండ్లలో చాలావాటికి ఇరుసు విప్పే పనే లేదు. మొత్తం భాగాన్నే తీసి ఇంకోటి పెట్టేస్తారు. మేస్త్రి దగ్గరున్న కుర్రాళ్లు ఆ పనే నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా, జీతం అందులోనే ఉంది. రంగు అచ్చు చూసి షిమ్ము పట్టే విద్య ఆయనతో ఆగిపోయేలా ఉంది. దానితో పాటు ఆ మాటలు కూడా.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి మాటలు పోగుచేశారు. మెకానిక్ షెడ్డు తెలుగుకి కూడా అంత శ్రద్ధ దక్కాలని నా కోరిక. అవన్నీ ఇంగ్లీషు మాటలే కదా అనిపించొచ్చు. పూర్తిగా కాదు. 'కందెన' అన్న మాటే చూడండి. నిఘంటువు ప్రకారం బండి ఇరుసుకి రాసే జిడ్డు అది. మా మేస్త్రి డబ్బాలోంచి తీసే కొత్తదాన్ని గ్రీజు అంటాడు. ఏళ్ల తరబడి బేరింగు లోపల నలిగి నల్లబడి బయటికొచ్చిన దాన్ని మాత్రమే కందెన అంటాడు. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వెలుగులో పట్టి చూస్తాడు. అందులో ఇనప తళుకు ఉంటే బేరింగు పోయినట్టు, ఇత్తడి తళుకు ఉంటే బుష్షు పోయినట్టు. ఈ అర్థాన్ని కూడా నోటుబుక్కులో రాసుకున్నాను, ఆయన చెప్పిన తేదీతో సహా.